పక్క బోను

తలుపు మూసుకుంది. నా చెవిలో పడింది తలుపు చప్పుడు కాదు, ఆ వెంటనే వచ్చిన సన్నటి ఉస్సుమనే శబ్దం. చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ గాలిని బయటికి నెట్టి గడపకు అతుక్కున్నప్పుడు వచ్చేది. మా ల్యాబులో ఎలుకను పెట్టెలో ఉంచి తలుపు వేసినప్పుడల్లా వింటాను దాన్ని. ఇక్కడ, నాలుగో అంతస్తులో, ప్లాస్టిక్ మొక్కలున్న ఈ క్లినిక్ వరండాలో, అక్క లోపలికి వెళ్లాక వింటానని మాత్రం అనుకోలేదు. గంట పడుతుంది మేడమ్, మంచినీళ్లు తెమ్మంటారా అంది రిసెప్షన్ అమ్మాయి. వద్దన్నాను. అక్క హ్యాండ్‌బ్యాగు నా ఒళ్లో ఉంది. ఇంత బరువేమిటో, చిన్నప్పటి నుంచీ అంతే, ఎక్కడికి వెళ్లినా ఇల్లంతా మోసుకుపోతుంది. ప్రతివారం బావ తీసుకొస్తాడు, ఈరోజు ఆయనకు డ్యూటీ పడింది కనుక నేను వచ్చాను. లేకపోతే ఆ గదిని చూసేదాన్నే కాదు. కిటికీ లేదు. ఒక కుర్చీ, ఒక చిన్న బల్ల, దానిమీద హెడ్‌ఫోన్లు. మనిషి నిలబడి చేతులు చాపితే అటూ ఇటూ గోడలు తగిలేంత గది.

లిఫ్టు కూడా అంతే ఉంటుంది కదా. పోయిన వానాకాలం అక్క వాళ్ల ఇన్సూరెన్సు ఆఫీసులో మంటలు లేచినప్పుడు అందరూ మెట్ల మీదుగా పరిగెత్తారు. అక్క మాత్రం అప్పటికే లిఫ్టులో ఉంది, ఒక్కతే. కరెంటు పోయింది, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది, పొగ పైనుంచి నెమ్మదిగా దిగింది. లిఫ్టులో ఉన్న స్పీకరు మాత్రం బతికే ఉందట, దయచేసి ఆందోళన చెందకండి, సహాయం వస్తోంది అని ఒకే మాటను ఒకే గొంతుతో చెబుతూనే ఉందట. తలుపు పగలగొట్టి బయటికి తీసేసరికి అక్క ఆ మాటను తానూ పైకి అంటూ ఉంది, దయచేసి ఆందోళన చెందకండి, దయచేసి ఆందోళన చెందకండి. ఒంటిమీద చిన్న గాయం కూడా లేదు. అదృష్టవంతురాలివే అన్నారు అందరూ, నేను కూడా అన్నాను. ఆ తర్వాత నెమ్మదిగా తెలిసింది. బాత్రూము తలుపు గడియ పెట్టుకోదు. గదిలో లైటు ఆర్పనివ్వదు. నాలుగంతస్తులూ ఇందాక మెట్లెక్కి వచ్చాం, మలుపు మలుపు దగ్గరా ఆగి, మోకాళ్లు పట్టుకుని, నా వయసు గురించి జోకులేసుకుంటూ. నీకంటే నేనే గట్టిగా ఉన్నానే అంది. ఉంది మరి. కాళ్ల సంగతైతే.

ఎదురుగా గోడమీద నా గీత ఉంది, నా ప్రయోగం తాలూకు గ్రాఫు. అద్దాల చట్రం కట్టించి, పైన చిన్న లైటు కూడా పెట్టారు. రెండు గీతలు, ఒకటి పైనే సమంగా, రెండోది మెల్లగా కిందికి జారుతూ. కింద నా పేరు. బయట జనం సినిమావాళ్లతో ఫొటోలు దిగుతారు, నేను లోపలికి రాగానే ఈ రిసెప్షన్ అమ్మాయి నాతో దిగింది, ఆ గీత పక్కన నిలబెట్టి. మీరేనా మేడమ్ అంది, నమ్మలేనట్టు, నేను ఇంకాస్త పొడుగ్గా ఉంటాననుకుందేమో. ఆ జారే గీత ఎలుకల భయం. ఒక శబ్దం వినిపించి, కాలికి చిన్న కరెంటు తగిలిస్తే, మర్నాడు ఆ శబ్దం ఒక్కటి వినిపించినా ఎలుక బిగుసుకుపోతుంది. కదలదు, మీసం కూడా ఆడించదు. ఎంతసేపు బిగుసుకుందో కొలుస్తాం, అదే భయం. ఒకసారి గుర్తుచేసి, కాస్త ఆగి, మళ్లీ మళ్లీ ఆ శబ్దమే వినిపిస్తే భయం తగ్గింది, తగ్గి మళ్లీ రాలేదు. నా మొదటి పరిశోధన పేపర్ అదే. అప్పుడు నాకు పెళ్లి కాలేదు, జుట్టు నడుము దాకా ఉండేది, భయాన్ని చెరిపేశానని నిజంగానే అనుకున్నాను.

మూడు వేల పైచిలుకు. ఆ పేపర్‌ను తమ పేపర్లలో ఉదహరించినవాళ్ల లెక్క. సైటేషన్లంటారు మా వాళ్లు. ఫలానా ఆవిడ ఇలా తేల్చింది అని ఒకరు రాస్తే ఒక సైటేషన్. మనం చేసిన పనేమిటో చదివే ఓపిక ఎవరికీ లేదు కనుక ఈ లెక్కను చూసే ఉద్యోగమిస్తారు, గ్రాంటిస్తారు, గది ఇస్తారు, గదికి ఏసీ ఇస్తారు. నాకంటే ఎక్కువగా ఆ లెక్కను చూసేది అక్క. సోమవారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్తూ ఫోన్లో నా పేపర్ల పేజీ తెరిచేది. వారంలో ఎన్ని పెరిగితే అన్ని, నాకు ఫోన్ చేసి చెప్పేది. మా చెల్లి మాట పట్టుకుని ఇంతమంది రాశారండీ అని చుట్టాలందరికీ చెప్పేది. వాళ్లు మా అబ్బాయి వీడియోకు లక్ష వచ్చాయి కదమ్మా అంటే ఒళ్లు మండిపోయేది. ప్రమాదం తర్వాత కూడా మానలేదు. ఆ ఫోన్లు వచ్చేవి కనుకనే అక్క బాగానే ఉందనుకున్నాను.

ఆ మూడు వేల మందిలో చదివినవాళ్లెంతమందో నాకొక అంచనా ఉంది. మొదట్లో ఒక పెద్దమనిషి ఆ రంగం మొత్తం మీద ఒక సమీక్షా వ్యాసం రాశాడు, అందులో నా పేపర్ మొదటి పేజీ నంబరు తప్పు వేశాడు. చేయి జారింది, పోనీ. ఆ తర్వాత వచ్చిన వందల పేపర్లలో అదే తప్పు నంబరు. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసిన పిల్లలు తప్పును కూడా అలాగే దించినట్టు. ఆ నంబరున్న చోట నిజానికి ఎవరిదో చేపల కంటిమీద వ్యాసం ఉంది. నేను, నా స్టూడెంటు అది చూసి పడి పడి నవ్వుకున్నాం, చేపలాయన మనమీద కేసు వేస్తాడేమోనని. పేజీ నంబరుతో పోతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. ఆ పెద్దమనిషి నా పేపర్ మొత్తాన్ని ఒక్క వాక్యంలోకి కుదించాడు, గుర్తుచేసుకుంటే భయం చెరిగిపోతుంది అని. నేను షరతులు రాశాను, ఎలుకలని రాశాను, అయి ఉండవచ్చని రాశాను. అవన్నీ రాలిపోయాయి. జనానికి ఆ వాక్యమే అందింది. వాక్యం నుంచి క్లినిక్ పుట్టింది, క్లినిక్ నుంచి ఈ గది, ఈ తలుపు, ఆ రబ్బరు పట్టీ.

గడియారం ముల్లు కదిలినట్టే లేదు. లోపల ఇప్పుడు ఏం జరుగుతుంటుంది? డాక్టరు వివరించాడు ఇందాక, మంచివాడు, కళ్లలోకి చూసి మాట్లాడతాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు నా ముందు. పేషంటు ఒక్కరే ఉంటారు మేడమ్, ఎవరూ అడ్డం రాకూడదు, హెడ్‌ఫోన్లలో రికార్డు చేసిన గొంతు నడిపిస్తుంది, ఏం జరిగిందో మొదటి నుంచి గుర్తుచేసుకోమంటుంది, ఆపుతుంది, మళ్లీ గుర్తుచేసుకోమంటుంది, మీ పేపర్లో ఉన్న విరామాలే పెట్టాం. ఒక్కరే. రికార్డు చేసిన గొంతు. గంగిరెద్దులా తలూపాను. ఆ మాటలు అప్పుడు నాకు తగల్లేదు, తలుపు మూసుకున్నాక తగిలాయి.

నాకు రెండో పేపర్ ఒకటుంది, దాని గురించి ఆయన అడగలేదు. ఎవరూ అడగరు. మొదటి పేపర్ చేసిన పాత ల్యాబు నేలమాళిగలో ఉండేది, గొట్టాల కింద, వంగి నడవాలి. చోటు లేదు కనుక మా గురువుగారు నాలుగు బోనులనూ ఒకే ఇనుప అలమరలో, పక్క పక్కనే పెట్టించారు. మధ్యలో ఉత్త జాలీ. ఒక ఎలుక శబ్దం విని బిగుసుకుంటే పక్క బోనులో ఇంకోటి ఒళ్లు గోక్కుంటూ ఉండేది. వాసన తగిలేది, మూతి జాలీకి ఆనించేవి. అదేమీ ప్రయోగంలో భాగం కాదు, ఇరుకు, అంతే. పేపర్లో కూడా బోనులు పక్కపక్కన ఉంచామని ఒక్క ముక్క రాసి వదిలేశాను. తర్వాత నాకు కొత్త భవనంలో కొత్త ల్యాబు ఇచ్చారు, మూడు వేల సైటేషన్లు ఊరికే పోతాయా. ఎలుక ఎలుకకూ విడి పెట్టె, శబ్దం దూరదు, వాసన దూరదు, లోపల చిన్న ఫ్యాను, తలుపుకు రబ్బరు పట్టీ. ఎంత మురిసిపోయానో. అందులో భయం తగ్గలేదు. గుర్తుచేసిన కొద్దీ పెరిగింది. మేత మార్చాం, ఎలుకలు కొనే చోటు మార్చాం, నా స్టూడెంటు తన షాంపూ కూడా మార్చింది పాపం. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒకరోజు పెట్టెల్లో ఒకదానికి తలుపు సరిగ్గా పడక, రిపేరువాళ్లు వచ్చేదాకా రెండు ఎలుకల్ని పాత జాలీ బోనుల్లో పక్కపక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ రెండింటికీ భయం దిగిపోయింది. ఇంకో ఏడాది చేసి చూశాం, అన్ని రకాలుగా. పక్కన తోడుంటే గుర్తుచేసుకోవడం భయాన్ని దించుతుంది. ఒంటరిగా ఉంటే అదే గుర్తుచేసుకోవడం భయాన్ని ముదురుస్తుంది.

గొంతెత్తి చెప్పాల్సిన మాట అది. పత్రికలు ఒకటి తర్వాత ఒకటి తిప్పి పంపాయి. కొత్తదనం లేదన్నారు, మొదటి పేపర్‌కు విరుద్ధంగా ఉందన్నారు. నా మొదటి పేపర్‌ను నాకే ఎత్తి చూపించారు. చివరికి ఒక చిన్న పత్రికలో వచ్చింది. దాని సైటేషన్లు తొమ్మిది, అందులో ఐదు నేను వేసుకున్నవే. నా పేజీలో పేపర్లన్నీ ఎక్కువ సైటేషన్ల నుంచి తక్కువకు వరుసగా ఉంటాయి. కిందికి జరిపి, ఇంకా చూపించు అన్నది నొక్కితే గానీ ఇది కనబడదు. నా స్టూడెంటుకు ఆ పేపర్‌తో ఉద్యోగం రాలేదు, ఇప్పుడు ఎవరికో ప్రకటనల లెక్కలు చూస్తోంది, జీతం నాకంటే ఎక్కువట, బాగుంది. అక్క అంత దూరం ఎప్పుడైనా కిందికి జరిపిందా అని ఒక్కసారీ అడగలేదు.

రిసెప్షన్ బల్లమీద ఒక కవరు ఉంది. అది నాదే. నేను వచ్చింది అక్క కోసమేనని చెప్పుకుంటే సగం నిజం. మా డిపార్టుమెంటు హెడ్డు నిన్న తన గదికి పిలిపించాడు, చూడమ్మా అని మొదలుపెట్టాడు, ఆయన చూడమ్మా అంటే చూడటానికి ఏమీ మిగలదు. ప్రొఫెసర్ పోస్టుకు ఇది చివరి అవకాశం. రాకపోతే ల్యాబును ఇంకొకరికి సర్దుతారు, నా ముగ్గురు స్టూడెంట్లు తలా ఒక దిక్కు. సైటేషన్లు సరిపోతాయి, ఈసారి కమిటీ నీ పని జనానికెలా ఉపయోగపడిందని అడుగుతోంది, ఆ క్లినిక్ చేత నాలుగు మంచి ముక్కలు రాయించుకురా అన్నాడు. ఆ రెండో పేపర్ పైన పెట్టకు, వాళ్లు అయోమయంలో పడతారు అని కూడా అన్నాడు. డాక్టరు సంతోషంగా ఒప్పుకున్నాడు, సంతకం పెట్టి కవరులో పెట్టించాడు కూడా. వెళ్లేటప్పుడు తీసుకుంటాలెండి అన్నాను రిసెప్షన్ అమ్మాయితో. అన్నప్పుడు తలుపు ఇంకా మూసుకోలేదు.

లేచి తలుపు తట్టొచ్చు. తట్టి ఏం చెప్పాలి? ఎలుకకు నిజమైనది అక్కకు నిజమవుతుందని ఏ పేపర్ చెప్పింది? ఆ వాక్యం పట్టుకుని క్లినిక్ పెట్టాడని డాక్టరును తప్పుపడుతూ, నేను ఇంకో వాక్యం పట్టుకుని వైద్యం మధ్యలో దూరడమా? చెడగొడితే? బాగుపడుతోందేమో, ఎవరు చూశారు. ఎలా ఉందక్కా అని అడిగిన ప్రతిసారీ బాగుందే, నీ వైద్యం కదా అంది. నా వైద్యం. మెట్లు. గడియ. లైటు. బాగుంటే ఆ నాలుగంతస్తులూ ఎందుకెక్కాం? క్లెయిముల ఆఫీసరు అక్క. ఎదుటివాళ్లు పెంచి చెప్పినా తగ్గించి చెప్పినా గొంతును బట్టి పట్టేస్తుంది. తన గొంతును నేను పట్టుకోలేకపోయాను. పట్టుకోవాలనుకోలేదేమో. బాగుందే అన్న మాట వినడానికి ఎంత హాయిగా ఉండేది.

లోపలికి వెళ్లేటప్పుడు అక్క చెయ్యి ఏదో చేసింది. ఏమిటది? డాక్టరు తలుపు పట్టుకుని నిలబడ్డాడు, అక్క బ్యాగు నాకిచ్చింది, ఇచ్చాక చెయ్యి వెనక్కి పోలేదు, నా చేతి దగ్గరే ఒక్క క్షణం ఆగింది, రెండు వేళ్లు దగ్గరకొచ్చాయి. అంతలో డాక్టరు రండమ్మా అన్నాడు, అక్క ఆ వేళ్లతో తన గడియారం సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. గడియారం సరిగ్గానే ఉంది. చిన్నప్పుడు మాకు ఒకే మంచం. కరెంటు పోయిన రాత్రుల్లో నేను ఏడుపు లంకించుకుంటే అమ్మ లేస్తుందని అక్క తన చెయ్యి నా చేతిలో పెట్టేది, భయమేస్తే గిల్లు, ఏడవకు అనేది. గిల్లేదాన్ని. ఎంత భయమైతే అంత గట్టిగా. పొద్దున అక్క ముంజేతిమీద ఎర్రటి మచ్చలుండేవి, బడిలో అడిగితే చీమలు కుట్టాయని చెప్పేది. నేను గిల్లడమే గుర్తుంది నాకు. అక్క ఎప్పుడైనా నన్ను గిల్లిందా? లేదు. ఒక్కసారీ లేదు. ఈరోజు ఆ రెండు వేళ్లు వచ్చి, మొహమాటపడి, గడియారం దగ్గరికి వెళ్లిపోయాయి.

ఎప్పుడు లేచానో తెలియదు, బ్యాగు కింద పడి దువ్వెన, మాత్రలు, నీళ్ల సీసా దొర్లాయి. రిసెప్షన్ అమ్మాయి మేడమ్ మేడమ్ అంటూ వచ్చింది, ఆ వెనకే డాక్టరు. నా చెయ్యి అప్పటికే పిడిమీద ఉంది. ఆయనకు కోపం రాలేదు, కంగారుపడ్డాడు.

“మధ్యలో తెరవకూడదు మేడమ్. ఒక్కళ్లే ఉండాలి. మీ పేపర్ ప్రకారమే కదా చేస్తున్నాం.”

“నాది ఇంకో పేపర్ ఉందండి.”

“ఏ పేపరు మేడమ్?”

నిజంగానే తెలియక అడిగాడు. ఆయనమీద కోపం తెచ్చుకోబోయాను, రాలేదు. చెబుతాను, కూర్చుని అంతా చెబుతాను, ఆ ఉత్తరం మాత్రం చించేయండి అన్నాను. బల్లమీది కవరు వైపు చూడకుండానే అన్నాను, చూస్తే అనలేనని. తలుపు తెరిచాను. రబ్బరు పట్టీ మళ్లీ ఉస్సుమంది.

అక్క కళ్లు బిగించి మూసుకుని ఉంది. రెండు చేతులూ కుర్చీ అంచుల్ని పట్టుకున్నాయి, వేళ్ల కణుపులు పాలిపోయాయి. కదలడం లేదు. ఇన్నేళ్లుగా గాజుపలక ఇవతల కూర్చుని నేను కొలిచింది ఇదే, మీసం కూడా ఆడని ఇదే బిగుసుకోవడం. పెదవులు మాత్రం సన్నగా ఆడుతున్నాయి. ఏమంటోందో దగ్గరికి వెళ్లకుండానే తెలిసింది, లిఫ్టులోని ఆ మాటే. హెడ్‌ఫోన్లు తీశాను, అక్క అదిరిపడి కళ్లు తెరిచింది, నన్ను గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. లోపల ఇంకో కుర్చీ లేదు, నేలమీద కూర్చున్నాను.

“అయిపోయిందా చిన్నీ?”

“లేదక్కా.”

“మరి నువ్వు లోపలికి రావచ్చా?”

“రావచ్చు.”

అక్క తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది, నావైపు చూసింది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయింది.  గొంతు తగ్గించి, డాక్టరుకు వినబడకూడదన్నట్టు, “ఇది పనిచేయట్లేదే,” అంది. “వచ్చిన ప్రతిసారీ ఇంకా ఎక్కువైపోతోంది. బావను కూడా నీకు చెప్పొద్దన్నాను. నాకు తగ్గలేదని తెలిస్తే నీ పేపర్‌కు మాటొస్తుందని.”

 మూడు వేల మందికి లేని పట్టింపు. నా గీత కిందికి జారుతూనే ఉండాలని, ప్రతివారం నాలుగంతస్తులెక్కి వచ్చి ఈ లిఫ్టులో కూర్చుంది.

“ఆ పేపర్ అలా కాదక్కా. ఒంటరిగా ఉంటే భయం పెరుగుతుందని నేనే మళ్లీ రాశాను. మూడేళ్లయింది. ఎవరూ చదవలేదు.”

అక్క నా మొహంలోకి చూసింది, క్లెయిము కాగితాలు చూసినట్టు, పైనుంచి కిందిదాకా.

“నాకెందుకు చెప్పలేదు?”

జవాబు ఉంది. సోమవారం పొద్దున ఫోన్లో అక్క గొంతు, ఈ వారం ఎన్ని పెరిగాయో చెప్పేటప్పటి ఆ గొంతు, అదే జవాబు. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. చెయ్యి అక్క ఒళ్లో పెట్టాను, అరచెయ్యి కిందికి, ముంజెయ్యి పైకి. అక్క దాన్ని చూస్తూ ఉంది. అప్పుడు రెండు వేళ్లు వచ్చి పట్టుకున్నాయి. గట్టిగా గిల్లింది, కళ్లలో నీళ్లు తిరిగేంత గట్టిగా, వదలకుండా. భయంతోనో, నామీద కోపంతోనో. అడగలేదు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.